పాతచక్రములకుఁ గ్రొత్తవన్నె

కడచిన సంచికలో మోటారుబండ్ల టైర్లను గూర్చి నేను వ్రాసిన ముచ్చటలు చదివి యొక సోదరీమణి జాబు వ్రాసినారు. వారి కుమారుఁడు ఇంగ్లండులో నుద్యోగము చేయుచు, జపానుదేశపు మాజ్డావారి ఎమ్‌ఎక్స్-5 అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును, తొలితరపుదానిని, చౌకగాఁ గొన్నాఁడఁట. దాని చక్రములు వెలవెలఁబోయి యున్నవని, ఎవరో వాడి విడిచిన అల్లాయ్ చక్రములు నాలుగు తెచ్చి, రంగు వేయించి తగిలింపఁదలఁచినాఁడఁట. "పాతచీరకు అద్దకము వేయించినట్లు పాతచక్రమునకు రంగు వేయించినఁ జాలునా? వద్దని వ్రాయుదునా?" అని యామె ప్రశ్న. వద్దని వ్రాయ నక్కఱలేదు. కాని రంగు ఎక్కడ వేయవలెనో, ఎక్కడ వేయరాదో యా చిన్నవానికిఁ దెలిసి యుండవలెను. ప్రాణము మీఁదికి వచ్చెడి సంగతి యంతయు నా రెండవ మాటలోనే యున్నది.

ఈ కారు 1989వ సంవత్సరమున అమెరికాలోని చికాగో మోటారు ప్రదర్శనమున మొదట లోకమునకుఁ గనఁబడినది. 2016 ఏప్రిలు నాఁటికి పదిలక్షల బండ్లు తయారైనవి. తొలితరపుదాని బరువు వేయి కిలోగ్రాములకు లోపే. తేలికదనమే దాని సొగసు గనుక చక్రమును తేలికగానే యుండవలెను. చక్రము స్ప్రింగునకుఁ గ్రిందనుండు వస్తువు. గతుకు తగిలినప్పుడు పైకెగిరిన చక్రము బరువైనదైనచో స్ప్రింగు దానిని వెంటనే నేలకు నొక్కఁజాలదు. టైరు నేలను విడిచిన యా క్షణమున స్టీరింగునకుఁ గాని బ్రేకునకుఁ గాని పట్టుండదు. ఈ మర్మ మెఱిఁగియే ఫ్రాన్సుదేశమున బుగాటివారు 1924లో లియాను పందెమునకుఁ దెచ్చిన టైప్ 35 బండ్లకు అల్యూమినియపుఁ బోఁతచక్రములు పెట్టిరి. ఆ పందెమున టైర్లు చెడి వారికి గెలుపు దక్కలేదు. చక్రములు మాత్రము చరిత్రలో నిలిచినవి.

అల్లాయ్ అనఁగా మిశ్రలోహము. ఈ చక్రములలోఁ బెక్కింటియందు అల్యూమినియముతో నూటి కేడు పాళ్లో, పదునొకండు పాళ్లో సిలికానును, రవంత మెగ్నీషియమును గలిపి పోఁత పోయుదురు. మన వంటయిండ్లలోని సత్తుగిన్నెకు దగ్గఱి చుట్టమే. ఉప్పు, చింతపండు కలిసిన పులుసు రాత్రియంతయు సత్తుగిన్నెలో నుంచినచో అడుగున తెల్లని పొక్కులు లేచుట మన మెఱుఁగనిది కాదు. ఇంగ్లండులో శీతకాలమున మంచు గడ్డకట్టకుండుటకు బాటలపై నుప్పు చల్లుదురు. కాలిబాట గట్టునకు చక్రపుటంచు ఒక్కమాఱు రాసికొన్నఁ జాలును. ఆ గీఁతగుండ ఉప్పునీరు వార్నీషు క్రిందికిఁ జొరఁబడి, చెదలు నడచిన జాడవలె తెల్లని తీఁగెలు తీఁగెలుగాఁ బ్రాఁకును. పాతచక్రములు వికారముగాఁ గనఁబడుటకుఁ దఱచుగా నిదియే కారణము. ఇది పైపై రోగము; కుదుర్పవచ్చును. కుదరనివి వేఱుగా నున్నవి.

పెండ్లిచూపులలో మొగము చూచి మురిసెడివారు పెక్కండ్రు. చక్రమును మాత్రము వెనుకవైపునుండియే చూడవలెను. గోతిలోఁ బడిన దెబ్బ ముందువైపునఁ గానరాదు. లోపలి యంచు సొట్టపడును. ఆకుల మొదళ్ల యొద్దను, నట్లు దూఱు రంధ్రముల చుట్టును, లోపలి యంచునను సన్నని పగుళ్లున్నవేమో వెలుతురున నెమ్మదిగా వెదకవలెను. కుండను వ్రేలితో వాయించి కొన్నట్లు చక్రమును గూడ కొయ్యతోఁ దట్టి చూచువారు కలరు. బొంగురుమ్రోఁత వినఁబడినచో అనుమానింప వలసినదే కాని, మ్రోఁత చక్కగా నున్నంతమాత్రమున పగులు లేదని నమ్మరాదు. రంగు ఒలిచిన పిమ్మట చేయు పరీక్ష యొకటి గలదు. ఎఱ్ఱని పలుచని ద్రవమును లోహముపైఁ బూసి, కొంతసేపు నాననిచ్చి, పైదంతయుఁ దుడిచివేసి, తెల్లని పొడి చల్లుదురు. పగులున్నచోట దాఁగిన ఎఱుపు తెల్లదనములోనికి మెల్లగా నూరి గీఁతగాఁ దేలును. ఆకునందుఁ గాని, నడిమిభాగమునఁ గాని యట్టి గీఁత తేలినచో దానిని చక్రమని పిలువక తుక్కులో వేయవలెను. అతికించి యిచ్చెదమనువారు దొరకుదురు. అతుకు వేఁడికి ఆ చుట్టుప్రక్కల లోహము తన గట్టిదనమును గోలుపోవును గనుక ఆ మాట వినరాదు.

ఇఁక బాగుచేయు విధము. టైరు విప్పి, పాతరంగును మందులతోనో, సన్నని యిసుకవంటి పొడి చిమ్మియో ఒలిచెదరు. ఇంటియొద్ద స్వయముగాఁ జేయు ఉత్సాహవంతులు కాస్టిక్ సోడా జోలికిఁ బోరాదు. అది యల్యూమినియమును దినివేసి, నిప్పంటుకొను హైడ్రొజను వాయువును బుట్టించును. పిమ్మట గీఁతలు పడిన యంచును ఆకురాయితో సరిచేసి, పొడిరంగు చల్లి, నూటయెనుబది మొదలు రెండువందల డిగ్రీల వేఁడిలో పావుగంటయో కొంచె మెక్కువయో కాల్చెదరు. పోఁత పోసినప్పుడు కొలిమిలోఁ గాల్చి, నీట ముంచి, మరల మెల్లగా వేఁడిచేసి గట్టిపఱచిన చక్రములు గలవు. వానిని మితిమీఱి కాల్చినచో ఆ గట్టిదనము తగ్గును. కావున పొయ్యివేఁడిని కొలిచి పనిచేయు కార్ఖానా యుత్తమము. డైమండ్ కట్టు అను మెఱుఁగుపని వేఱొకటి గలదు: చక్రమును తరిమెనపట్టి ముఖమునుండి లోహపుఁ బొరను సన్నగాఁ జెక్కి, పైన పారదర్శకమగు వార్నీషు వేయుదురు. అద్దమువలె మెఱయును. కాని చెక్కిన ప్రతిమాఱును లోహము తఱుగును, ఉప్పుబాటలపై ఆ పలుచని వార్నీషు త్వరలోనే లేచును. నాకు అంతటను రంగు వేసిన సాదాచక్రమే మేలని తోఁచుచున్నది.

అంతటను అంటిని, ఆ మాటకు రెండు మినహాయింపులు గలవు. అమరకోశమునఁ జక్రపు టంచునకు నేమి యనియు, నడిమికి నాభి యనియు, ఇరుసుకొనను బెట్టు చీలకు అణి యనియుఁ బేళ్లు చెప్పఁబడినవి. ఆ అణియే మన యెడ్లబండ్ల కడచీల. యుద్ధమున దశరథుని రథపుఁ గడచీల యూడిపోఁగా కైక తన వ్రేలు దూర్చి నిలిపి వరములు సంపాదించెనని మన యిండ్లలోఁ జెప్పుకొను కథ యందఱెఱిఁగినదే. మోటారుబండికి నట్లే కడచీలలు. ఈ కారులో ఒక్కొక్క చక్రమునకు నాలుగు. నట్టును బిగించినపుడు స్టడ్డు మిల్లీమీటరులో నెంతో స్వల్పభాగము సాగును. సాగి, వెనుకకు లాగుచు, చక్రపు వీపును హబ్బు ముఖమునకు నొక్కిపట్టును. బండి బరువును, బ్రేకు త్రోపును మోయునది ముఖ్యముగా నా నొక్కుడువలనఁ గలిగిన రాపిడియే. నట్టు కూర్చుండు గుంటయందుఁ గాని, చక్రపు వీపునఁ గాని మందమైన రంగుపొర యున్నదనుకొనుఁడు. వెండ్రుకమందమే యైనను, వేఁడికిని ఒత్తిడికిని అది నలిగి పలుచనగును. స్టడ్డు సాగుడే యంత స్వల్పమైనది గనుక, ఆ పలుచఁదనముతోనే బిగువు సడలిపోవును.

ఇది పుస్తకములోని మాట కాదు. మా యక్కగారి కుమార్తె యా దేశముననే యుండి, యిట్టి కారునకే పాతచక్రములు నాలుగు బాగుచేయించినది. పనివారు ముచ్చటగా ముందువెనుకలు, గుంటలు, వీపు అంతయు నల్లని పొడిరంగు వేసి నునుపుగాఁ జేసి యిచ్చిరి. వారమునాళ్లు గడచిన వెనుక ఇంటిమలుపున బండి నెమ్మదిగాఁ ద్రిప్పుచుండఁగా ముందు ఎడమవైపున ఠక్కు ఠక్కుమని చప్పుడు వినఁబడెను. దిగి చూచినది, రెండు నట్లు వ్రేళ్లతోనే తిరుగుచున్నవి. ఆ సాయంకాలమే పెద్దరహదారిపై గంట ప్రయాణము చేయవలసి యుండెను. ప్రయాణము మానుకొని, నాలుగు చక్రములును విప్పించి, గుంటలలోను వీపునను రంగు గీయించి, స్వచ్ఛమైన లోహము కనఁబడిన పిమ్మట మరల బిగింపించినది. కార్ఖానాకుఁ బోయి చక్రములిచ్చునప్పుడే "నట్టుగుంటలను, వీపును మూసియుంచి రంగు వేయుఁడు" అని చెప్పి, తిరిగి తీసికొనునప్పుడు ముందుగా నా చోటులనే చూడవలెనని యది నాకు వ్రాసినది.

చక్రము ఆ బండికిఁ గుదురునా యను ప్రశ్న యింకొకటి. 1989లో వెలువడిన తొలితరమునకును, 1998లో వచ్చిన రెండవదానికిని నాలుగు రంధ్రములు. వాని కేంద్రములు నూఱు మిల్లీమీటరుల వ్యాసముగల వలయముపై నుండును. నడిమి రంధ్రము 54.1 మిల్లీమీటరులు. 2005లో వచ్చిన మూఁడవతరమునకు రంధ్రము లైదు, వలయము 114.3, కావున అవి వీనికిఁ బనికిరావు. పేరొకటే గదాయని మోసపోరాదు.

హోండా చక్రములు కొన్నిటికి నాలుగు రంధ్రములును, నూఱు మిల్లీమీటరుల వలయమునే గలవు. చేతికందిన చక్రము చక్కగాఁ దూఱిపోవును, నట్టు మరయు నొకటే. కాని వాని నడిమి రంధ్రము 56.1, ఆ రెండు మిల్లీమీటరుల సందు పూడ్చుటకు ఉంగరమువంటి వలయమొకటి పెట్టనిచో చక్రము నడుమకుఁ గూర్చుండక బండి వణఁకును. అంతకంటె ముఖ్యము నట్టుగుంట రూపము. మాజ్డా నట్టు మొన శంకువువలె నుండును. హోండావారి సొంత చక్రముల గుంట బంతి యడుగువలె గుండ్రనిది. గుండ్రని గుంటలో శంకువును గూర్చుండఁబెట్టినచో సన్నని గీఁతవెంబడి మాత్రమే తాఁకును. గట్టిగాఁ బట్టినట్లే చేతికిఁ దోఁచును, కొన్నాళ్లకు సడలును. అట్టి చక్రములకు గుండ్రని మొనగల నట్లే కొనవలెను.

వెడల్పు లెక్క యింకొకటి గలదు. లెక్కలు గిట్టనివారు దీనిని దాఁటిపోవచ్చును. చక్రపు నడిమి గీఁతనుండి వీపునకుఁ గల దూరమును ఆఫ్‌సెట్టందురు. పాతది 14 అంగుళముల వ్యాసము, అయిదున్నర అంగుళముల వెడల్పు, ఆఫ్‌సెట్టు 45. దీనికి బదులు 15 అంగుళముల వ్యాసము, 7 అంగుళముల వెడల్పు, ఆఫ్‌సెట్టు 35 గలది తొడిగినచో వెలుపలియంచు 29 మిల్లీమీటరులు బయటికిని, లోపలియంచు 9 మిల్లీమీటరులు లోనికిని జరుగును. మడ్‌గార్డునకు టైరు రాయునేమో, లోపలి కడ్డీలకుఁ దగులునేమో చక్రమును ద్రిప్పి, స్టీరింగు రెండువైపులఁ జివరివఱకు త్రిప్పి చూచుకొనవలెను. టైరు మాత్రము 185/60 కొలత 14 అంగుళములదానికి బదులు 195/50 కొలత 15 అంగుళములది వేసినచో మొత్తపు ఎత్తు ఇంచుమించు సమానమే, 578 మిల్లీమీటరులకు బదులు 576. వేగమును జూపు ముల్లు అబద్ధమాడదు.

తగిలించుటకు ముందు హబ్బు ముఖముపై త్రుప్పును తీఁగెబ్రష్షుతో పూర్తిగా గీయవలెను. ఇనుమును అల్యూమినియమును ఉప్పునీటిలోఁ గలిసినచో ఒకదాని నొకటి పట్టుకొని, మఱుసటియేఁడు చక్రము సుత్తిదెబ్బలకుఁ గూడ ఊడిరాదు. అందుచే నడిమి రంధ్రపు టంచునకు మాత్రము గ్రీజు రవంత పూయుదురు. స్టడ్డు మరలకును, నట్టుగుంటలకును చుక్కయైనఁ దగులరాదు. టైరు గాలిమూఁతలు క్రొత్తవి వేయించి, తూకము సరిచేయింపవలెను. నట్లను మొదట చేతితోనే యెక్కించి, ఎదురెదురుగా నొకదాని వెంట నొకటి బిగించి, బండిని నేలకు దింపిన పిమ్మట టార్కు రెంచితో దాదాపు 90 మొదలు 115 న్యూటన్ మీటరుల లోపల ముగింపవలెను. గాలితుపాకితో టకటక బిగించి పంపెడివారి త్వరకు లొంగరాదు. ఎనుబది కిలోమీటరులు నడిపిన వెనుక చక్రములు చల్లారియుండఁగా మరల నొకమాఱు అదే రెంచితోఁ బరీక్షింపవలెను.

ఆ దేశమున బండి చక్రములు మార్చినయెడల బీమా కంపెనీకిఁ దెలుపవలసియుండును. తెలుపక దాఁచినచో ప్రమాదకాలమున సొమ్ము చెల్లించుటకు వారు నిరాకరింపవచ్చును. కావున చక్రములు కొనకముందే యొక జాబు వ్రాసి, హెచ్చు రుసుమేమైనఁ గలదేమో కనుఁగొని, ఆ వెలను గూడ రంగు ఖర్చుతోఁ గూడి లెక్కవేసికొనవలెను.