బొడ్డు ఉబ్బునకు బిళ్ళకట్టు వలదు

షోలాపూరు తూర్పుభాగములోని మన ఇండ్లలో చంటిబిడ్డకు బొడ్డు ఉబ్బినచో రూపాయిబిళ్ళ పెట్టి గుడ్డ బిగించు అలవాటు ఇంకను పోలేదు. దానివలన రంధ్రము పూడదు. చర్మము ఒరసి పుండగును. పసివారిలో పెక్కుమందికి నాలుగైదేండ్లలోగా అదియే మూసుకొనును. మానకున్న అప్పుడు ఆపరేషను చేయుదురు.

పెద్దల సంగతి వేరు. బరువులు మోయు మగవారికి, వరుస కాన్పులైన ఆడవారికి వచ్చిన హెర్నియా నడికట్టుతో మానదు. రంధ్రము చిన్నదైన అంచులు లాగి కుట్టుదురు. పెద్దదైన ఆ కుట్టు మరల విడిపోవచ్చును గనుక సన్నని అల్లికజాలి వేయుదురు. చిరుగుకు మాసిక సంగతి మనకు ఒకరు చెప్పవలెనా!

ఉబ్బు గట్టిపడి, లోనికి పోక, నొప్పి, వాంతులు వచ్చినచో ప్రేగు చిక్కుకొన్నదేమోనని తలచి, తెల్లవారనిమ్మనక సివిల్ ఆసుపత్రికి చేరవలెను.

మనవారు వాయిదా వేయునది కత్తికి జడిసి కాదు, కూలికి జడిసి. ఆపరేషను పిదప నెల, నెలన్నర బరువెత్తరాదు. ఆ దినములకు సంఘములు వడ్డీలేని బదులు ఈయవలెనని మా అభిప్రాయము. మా సభలో ఈ మాట ఎత్తగా, “బొడ్డుకు కూడ బదులా?” అని నవ్వినారు. నవ్వినవారిలో ఒకరిని నిరుడు అర్ధరాత్రి రిక్షాలో ఆసుపత్రికి తీసికొనిపోయినది మేమే.