కోచ్‌ను మార్చి చూడటం అయిపోయింది

సంపాదకులకు,

2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆరో స్థానానికి పడిపోయింది కాబట్టి కోచ్ వెట్టోరిని సాగనంపాలని, నితీశ్ కుమార్ రెడ్డిని పక్కన పెట్టాలని మీ పత్రికలో పాఠకులొకరు రాశారు. అది తొందరపాటు. ఈ జట్టు 2016లో కప్పు గెలిచింది టామ్ మూడీ కోచ్‌గా ఉన్న నాలుగో సీజన్‌లో. ఆయన తర్వాత బెయిలిస్, మళ్లీ మూడీ, ఆపైన లారా వచ్చారు. 2021లో, 2023లో మనవాళ్లు పట్టికలో అట్టడుగున మిగిలారు. మార్చడం వల్ల ఒరిగిందేమిటో ఆ లేఖకులే చెప్పాలి.

వెట్టోరి 2024లో తొలి ఏడాదే ఫైనల్‌కు చేర్చాడు, మరి రెండో ఏడు ఏమైంది అంటారా? ఆ ఆటకు రెండు ముఖాలున్నాయి: 2024లోనే బెంగళూరుపై 287 కొట్టించిన దూకుడే చెన్నైలో జరిగిన ఫైనల్లో జట్టును 113కు కుప్పకూల్చింది. మొదటిదానికి ఈలలు వేసి రెండోదానికి తిట్టిపోస్తే ఎట్లా? నెమ్మది పిచ్‌ల మీద కూడా అదే బాదుడేమిటని నిలదీస్తే మాత్రం న్యాయమే. దానికి వెట్టోరి జవాబు చెప్పాల్సిందే.

ఇక నితీశ్. 2024లో 303 పరుగులు, 2025లో 182. ఆరు కోట్లకు ఇదేనా అన్నది ఆక్షేపణ. ఆ ధర కట్టింది యాజమాన్యం, అతను కాదు. పైగా పక్కటెముకల కండరం గాయం నుంచి కోలుకుని ఆడాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 చేసిన విశాఖ కుర్రాడిని ఒక్క సీజన్‌కే పనికిరాడనడం, నా మటుకు, అన్యాయం.

— ఒక పాఠకుడు, ఐరాల, చిత్తూరు జిల్లా