తప్పు చిప్పుదేనా?

ఎన్నో సాయంకాలాలు కూర్చుండి స్వహస్తాలతో అమర్చుకొన్న చిన్న కంప్యూటరు స్విచ్ వేయగానే మొరాయిస్తే, ఇంటిలోని పిల్లవాడు "ఇది నావల్ల కాదు" అని దానిని అటక ఎక్కిస్తాడు. అతడంత మాట అనకముందే పెద్దలమైన మనము ఒక సంగతి గ్రహించాలి. మెమరీ చెడిపోయినట్లు కనబడినంత మాత్రాన తప్పు చిప్పుదే అని తీర్పు తీర్చకూడదు. అనేకసార్లు లోపము చిప్పులో కాదు, దాని యొద్దకు వెళ్లే దారిలో ఉంటుంది.

ఉదాహరణకు జడ్ ఎక్స్ 81 అనే యంత్రాన్ని తీసుకొందాము. ఇంగ్లండులో కేంబ్రిడ్జికి చెందిన సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1981లో దీనిని విడుదల చేసింది. అమర్చినది 69.95 పౌండ్లు, విడిభాగాల కిట్టు 49.95 పౌండ్లు. లోపలి మెమరీ 1 కె, అనగా 1024 బైట్లు మాత్రమే. వెనుక తగిలించే 16 కె ర్యామ్ ప్యాకు వేరుగా దొరికేది. నేటికీ ఆసక్తిగలవారు ఈ యంత్రాన్ని ఇంటిలో అమర్చుకొంటూనే ఉన్నారు.

ఇది సరిగా మొదలైతే తెర అడుగున ఎడమవైపు 'కె' అక్షరం కనబడుతుంది. కనబడకపోతే ఏమి చేయాలి?

మొదటిది, కరెంటు తీసివేసి ప్యాకును ఊడదీయండి. కరెంటు ఉండగా దానిని ముట్టరాదు. ప్యాకు లేకుండా 'కె' వచ్చిందంటే లోపలి యంత్రం బాగున్నట్లే. లోపము ప్యాకులోనో, అది కూర్చునే అంచులోనో ఉన్నది. ప్యాకు కాస్త కదిలినా యంత్రం స్తంభించిపోవుట ఆ దినాలలో అందరూ ఎరిగిన బాధే. అంచున ఉన్న లోహపు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ప్యాకు కదలకుండా గట్టిగా అమర్చి చూడండి.

రెండవది, 'కె' వచ్చాక యంత్రాన్నే అడగండి. మొదలైనప్పుడు అది మెమరీ గడులన్నిటిలో 2 వ్రాసి, తరువాత ఒక్కొక్క గడిలో రెండుసార్లు ఒకటి చొప్పున తగ్గించి చూస్తుంది. లెక్క తప్పిన చోట ఆగి, తన మెమరీ అంతవరకే అనుకొంటుంది. 'ప్రింట్ పీక్ 16388 + 256 * పీక్ 16389' అని ఆజ్ఞ ఇస్తే ఆ హద్దు తెలుస్తుంది. 1 కె అయితే 17408, 16 కె అయితే 32768 రావాలి. అంతకు తక్కువ వస్తే లెక్క ఎక్కడ తప్పినదో ఆ సంఖ్యే చెబుతుంది.

మూడవది, ప్యాకు తీసినా 'కె' రాకపోతే లోపల వెదకాలి. ముందుగా చిప్పులకు 5 వోల్టులు అందుచున్నవో లేదో మల్టీమీటరుతో కొలవండి. కొన్ని బోర్డులలో 2114 అనే చిప్పులు రెండు ఉంటాయి. ఒక్కొక్కటి బైటులో సగము, అనగా 4 బిట్లు దాచుకొంటుంది. గనుక ఒక్క కాలు సాకెట్టులో దిగక మడతపడినా, ఒక్క సోల్డరు అతుకు సరిగా పట్టకపోయినా, మంచి చిప్పు కూడా చెడ్డదిగా కనబడుతుంది. భూతద్దం పెట్టి అతుకులన్నీ చూడండి. తొందరపడి చిప్పును పెరికితే బోర్డుమీది రాగి గీతలు లేచిపోతాయి. అప్పుడు లేని లోపాన్ని మనమే తెచ్చిపెట్టినవారమవుతాము.

కనుక తల్లిదండ్రులారా, పిల్లవాడు మరల సోల్డరింగ్ ఐరన్ పట్టకముందు ఒక కాగితం ఇచ్చి, ఈ మూడు పరీక్షల ఫలితాలను వ్రాయించండి. ఏది చెడిపోయినదని కాదు, ఏది బాగున్నదని మొదట అడగండి. తన పనిలో ఎక్కువభాగం సరిగానే ఉన్నదని ఆ కాగితమే అతనికి చూపిస్తుంది.