గాలానికి పన్ను, వలకు విరామం

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి విశాఖ చేపలరేవులో మరబోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీకి చేరతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. అన్నాళ్లూ రేవులో జరిగే పని ఇంజన్ల మరమ్మతు, పడవలకు రంగులు, చిరిగిన వలలు బాగుచేసుకోవడం. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెరిగింది. అంటే సముద్రంలో చేప బతకడానికయ్యే ఖర్చులో కొంత ప్రజల పన్నులు భరిస్తున్నాయి, మిగిలింది కళాసీ కోల్పోయిన కూలి.

అవే రోజుల్లో ఒడ్డున రాళ్ల మీద రాడ్డూ రీలూ పట్టుకుని నిలబడే సరదా వేటగాడి వాటా సున్నా. అతన్ని అడిగినవాళ్లూ లేరు.

అమెరికాలో అడిగారు. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం చేపల రాడ్లు, రీళ్లు, ఎరల మీద పది శాతం ఎక్సైజు పన్నును చేపల సంరక్షణకే కేటాయించింది. 1984లో వాలప్-బ్రో సవరణతో మోటారు పడవల ఇంధనపు పన్నులోనూ కొంత దీనికి కలిసింది. పన్ను కట్టేది తయారీదారో దిగుమతిదారో కాబట్టి కొట్టువాడిచ్చే రసీదులో అది కనపడదు. ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో పిల్లాడి పుట్టినరోజుకి రాడ్డు కొని లూయిస్‌విల్ చెరువుకి బయల్దేరిన తెలుగు తండ్రికి, తాను టెక్సస్ చేపల పెంపకానికి చందా వేశానన్న సంగతే తెలియదు.

ఆ సొమ్ము రాష్ట్రాలకు పంచే లెక్క మరీ ముచ్చటైనది. 60 శాతం వాటాకు ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న వేటగాళ్ల సంఖ్య కొలమానం, 40 శాతానికి విస్తీర్ణం. ఖర్చులో 75 శాతం దాకా కేంద్ర నిధి ఇస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. అసలు కిటుకు ఒక షరతులో ఉంది: వేట లైసెన్సుల రుసుమును మత్స్య, వన్యప్రాణి శాఖ పనికి తప్ప మరో అవసరానికి మళ్లిస్తే ఆ రాష్ట్రం ఈ నిధికి అర్హత పోగొట్టుకుంటుంది. రోడ్డు గుంతలు పూడ్చడానికి చేపల డబ్బు తీసే వీల్లేదన్నమాట.

టెక్సస్‌లో వేటగాళ్లు డబ్బుతో ఆగలేదు, చేపల్నే అప్పిచ్చారు. 1986లో మొదలైన షేర్‌లంకర్ కార్యక్రమం సంగతిది. 13 పౌండ్లు, అంటే దాదాపు ఆరు కిలోలు తూగే బాస్ చేప పడితే శాఖకు ఫోన్ చేస్తారు. సిబ్బంది నీళ్ల ట్యాంకుతో చెరువు గట్టుకే వచ్చి దాన్ని ఏథెన్స్ ఊళ్లోని కేంద్రానికి ప్రాణాలతో తీసుకెళ్లి గుడ్లు పెట్టిస్తారు. పిల్లలు చెరువులకు చేరతాయి. అంత చేప చేతికి చిక్కితే పులుసు పెట్టుకోకుండా అప్పగించడం తెలుగువాడికి పరీక్షే.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. గాలంవాళ్లకు మోజున్న బాస్, ట్రౌట్ లాంటి వాటి మీదే దృష్టి ఎక్కువ. ఎవరికీ పట్టని చిరుచేపను తలచుకునేవారు తక్కువ.

భారతదేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది, పొరుగునే ఉన్న కర్ణాటకలో. బెంగళూరులో 1972లో ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా కావేరిలో కొంత మేర లీజుకు తీసుకుంది. మహసీర్ చేపను పట్టి తిరిగి వదిలేసే గాలం వేట నడిపి, ఆ రుసుములతో కాపలాదారుల్ని పెట్టింది. డైనమైటు పేల్చి చేపలు పట్టేవాళ్లకు అడ్డుపడ్డది ఆ కాపలాయే. అదే నది ఒడ్డున గాలిబోరె శిబిరంలో వేటగాళ్లు పట్టిన చేపల లెక్కలు రాసుకున్న పుస్తకాలు తర్వాత శాస్త్రవేత్తలకు అక్కరకొచ్చాయి. కావేరికే ప్రత్యేకమైన మూపురపు మహసీర్ తరిగిపోతోందని బయటపడింది ఆ లెక్కల వల్లే. 2018లో దాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. అప్పటికే కావేరి అభయారణ్యంలో గాలం వేట ఆగిపోయింది. వేట ఆపితే చేపకు మేలే కదా అనిపిస్తుంది. కానీ కాపలా జీతాలకు దారి కూడా దాంతోపాటే మూసుకుపోయింది.

విశాఖకు ఇందులో ఏది పనికొస్తుంది? చేతితాడుకు గాలం కట్టి, పడిన నాలుగు చేపలతో రాత్రి కూర వండుకునేవాడి దగ్గర టికెట్టు అడగడం అన్యాయం. వేల రూపాయల రీలు కొన్నవాడి దగ్గర ఏడాదికో చిన్న రుసుము అడగడం అన్యాయం కాదు. ఖర్చుపెట్టడానికి చోటు వెతకనక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖ కేంద్రం ఇండియన్ పాంపనోను, నారింజ చుక్కల గ్రూపర్‌ను హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసింది. తీరంలో కృత్రిమ దిబ్బలు వేసే పనీ ఉంది. గుజరాత్‌లో తిమింగల సొరచేపను వదిలేయడానికి వల కోసుకున్న జాలరికి అటవీశాఖ పరిహారమిస్తుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో వలకు చిక్కిన అలాంటి సొరచేపనే జాలర్లు, అటవీ సిబ్బంది కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. అలాంటి వలల ఖర్చుకీ ఈ సొమ్ము పనికొస్తుంది.

వసూలు కన్నా వాడకమే కష్టం. అడవుల నరికివేతకు బదులుగా వసూలైన కంపా నిధి పరిస్థితి తెలిసిందే: 2016లో ప్రత్యేక చట్టం వచ్చేదాకా వేల కోట్లు ఖాతాల్లోనే మూలిగాయి. అందుకే మళ్లింపును అడ్డుకునే షరతు మొదటిరోజే రాసుకోవాలి. ఇంకో చిక్కూ ఉంది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం, 1994, పడవల మీద వేటకు సంబంధించింది. ఒడ్డున రాడ్డు పట్టుకున్న మనిషి దాని లెక్కలోకి రాడు. అతన్ని అందులో చేర్చాలంటే సవరణ అమరావతిలో జరగాలి. రాడ్ల మీద వచ్చే జీఎస్టీలో వాటా అడగాలంటే మాత్రం ఢిల్లీ దాకా పోవాలి.