సముద్రగర్భ పరిశోధనము

భారతప్రభుత్వము 2021లో ప్రారంభించిన సముద్రయాన ప్రణాళిక ననుసరించి, చెన్నపట్టణమందలి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘మత్స్య 6000’ అను చిన్న జలాంతర నౌకను నిర్మింపబూనినది. ముగ్గురు మనుష్యులు టైటానియం లోహపు గోళమున గూర్చుండి 6,000 మీటర్ల లోతునకు దిగుట దీని యుద్దేశము. 2025 ఆరంభమున కాట్టుపల్లి రేవున దీనికి నీటిపరీక్షలు జరిగినవి. ఆ యేటి ఆగస్టులో ఇరువురు భారతీయులు ఫ్రాన్సు దేశపు ‘నోటీల్’ నౌకలో అట్లాంటిక్ మహాసముద్రమున దిగి, ఒకరు 4,025 మీటర్లు, వేరొకరు 5,002 మీటర్లు లోతు చూచివచ్చిరి. ఇది దేశీయులెల్లరు గర్వింపదగిన విషయమే.

సముద్రమునకు దూరముగ నున్న మర్రిపాడు మెట్టసీమ రైతునకు దీనితో నేమి ప్రసక్తి యని కొందరడుగవచ్చును. ఆ మెట్టలపై ఈశాన్య ఋతుపవనముతో గురియు వాన బంగాళాఖాతము పంపునదే. ఆ సంస్థకు పూర్వపు నెల్లూరు జిల్లాలోని వాకాడు మండలమున, పామంజికడ, సముద్రతీర కేంద్రము కలదు. లోతు సముద్ర కార్యక్రమమునకై కేంద్ర మంత్రివర్గము 2021లో ఆమోదించిన 4,077 కోట్ల రూపాయలును ప్రజాధనమే. కావున ఈ నౌక యేమి చేయుటకు దిగుచున్నదో తెలిసికొనుట మన హక్కు. అడుగుట మన విధి.

2002లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో చేసికొనిన ఒడంబడికచే, హిందూమహాసముద్ర మధ్యభాగమున లోహపుగడ్డల నన్వేషించు హక్కు మన దేశమునకు లభించినది. ఆ ప్రదేశము 75,000 చదరపు కిలోమీటర్లు. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు గల యీ గడ్డలు పదిలక్షల సంవత్సరములకు గొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. 1978లో పసిఫిక్ మహాసముద్రగర్భమున ఒక యంత్రము ఇట్టి గడ్డలను పరీక్షార్థము తీసెను. ఇరువదియాఱేండ్లకు, 2004లో, పైన జెప్పిన నోటీల్ నౌకయే యచ్చటికి దిగి చూడగా, యంత్రము నడచిన జాడ నాగటిచాలువలె చెదరక యుండెను. అచ్చటి చిన్న పురుగుల సంతతియు పూర్వస్థితికి రాలేదు. మెట్టపొలమున నీరుపడని చోట బావి త్రవ్వినవాడు దానిని పూడ్చి మరియొకటి త్రవ్వుకొనగలడు. సముద్రగర్భమున జరిగిన పొరపాటు తరతరములకు దిద్దుబాటు గాదు.

అమెరికాలో 1999 మొదలు, సిల్వియా ఎర్ల్ నాయకత్వమున, ఒక్కరే కూర్చుండదగిన చిన్న నౌకలు జాతీయ రక్షిత సముద్రప్రాంతములలో దిగినవి. త్రవ్వుటకు గాదు, తాము కాపాడుచున్న సంపద యెట్టిదో తెలిసికొనుటకు. మనకును ఇదియే మార్గము.

మనుష్యులేల, యంత్రములు చాలవా యనువారు కలరు. 2023 జూనులో ‘టైటన్’ నౌక నలిగి ఐదుగురు మరణించుటను వారు చూపుదురు. ఆ నౌక ఏ స్వతంత్ర సంస్థ ధ్రువీకరణమును పొందియుండలేదు. స్వతంత్ర పరీక్ష లేక మనుష్యుని దింపరాదనుట దాని పాఠము. అసలే దింపరాదనుట కాదు. యంత్రము పంపిన చిత్రమును జూచుటయు, అచ్చటనే యుండి కన్నులార పరికించుటయు ఒకటి కావు.

మత్స్య నౌక మొదటి పని మన భాగమునకు వచ్చిన ప్రదేశమునందలి జీవరాశిని పరిశీలించుట కావలెనని మా యభిప్రాయము. చూచినదంతయు ప్రజలకు ప్రకటింపవలెను. త్రవ్వకమును దలపెట్టుటకు ముందే కొంత భాగమును రక్షిత ప్రాంతముగ విడువవలెను. మన దేశము 2024లో సంతకము చేయగా 2026 జనవరిలో అమలునకు వచ్చిన మహాసముద్ర ఒడంబడిక, ఏ దేశమునకును జెందని జలములలో రక్షిత ప్రాంతముల నేర్పరచు పద్ధతిని నిర్ణయించినది. ఊరి చెరువును, పశువుల బీడును విడిచి, పిమ్మటనే పట్టాలిచ్చు నీతి మన గ్రామములకు క్రొత్త గాదు. ఆ నీతియే సముద్రగర్భమునను చెల్లవలయును. ప్రభుత్వము దీనిని సకాలమున గుర్తించునని ఆశించుచున్నాము.