సాధువైన చేప, చాలని తొట్టి

ఉప్పునీటి అక్వేరియంలో కాస్త చెయ్యి తిరిగినవాళ్లు ఆశపడే చేప నాసో టాంగ్. సర్జన్ ఫిష్ కుటుంబంలో ఇంత అందమూ ఇంత నెమ్మదీ కలిసి రావడం అరుదు. బూడిదరంగు ఒళ్లు, నారింజ పెదవులు, కంటి నుంచి నోటి దాకా వంపు తిరిగిన పసుపుపచ్చని గీత. మగచేప ఎదిగాక తోక రెండు కొసల నుంచీ సన్నటి పోగులు సాగుతాయి. పసిఫిక్‌లో దొరికేది నాసో లిటురాటస్. మన హిందూ మహాసముద్రంలోది నాసో ఎలిగాన్స్, దీని వెన్నురెక్క పసుపు.

పెంచుకుంటామనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఇదే కుటుంబంలోని సోహాల్ టాంగ్ కొత్త చేపను వదిలితే తరిమి తరిమి కొడుతుంది. నాసో తన దారిన తాను తిరుగుతుంది, చిన్న చేపల జోలికి పోదు. అలవాటైతే చేతిలోని నోరి (ఎండు నాచు) ముక్కను లాక్కుని తింటుంది. సముద్రం ఎరగని ఊళ్లో పెరిగే పిల్లకు ఆ చేప ఎదురుగా నిలబడి చూసే పది నిమిషాలు ఏ పాఠమూ ఇవ్వలేనిది ఇస్తాయి. ఈ మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

చిక్కంతా ఆ మంచితనంతోనే. దుకాణంలో అరచేతిలో పట్టేంత ఉన్న పిల్ల సముద్రంలో అయితే 45 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. సాధువు కదా, ఎక్కడైనా సర్దుకుంటుందిలే అనుకుంటారు. కోపిష్టి చేపకు చోటు చాలకపోతే పక్కవాటి మీద పడుతుంది, మనకు వెంటనే తెలుస్తుంది. నాసో ఎవరి మీదా పడదు. అద్దం వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి అదే పనిగా ఈదుతుంది, మేత తగ్గిస్తుంది, మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది. గొడవ చేయని చేప బాధ యజమాని కంటపడేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఆరడుగుల తొట్టి, సుమారు 700 లీటర్ల నీళ్లు కనీసమని పెంపకందార్లు చెబుతారు. ఎదిగిన చేపకు ఎనిమిదడుగులైనా లేకపోతే అన్యాయమనే నా అభిప్రాయం. ‘పెద్దదయ్యాక పెద్ద తొట్టి కొంటాను’ అన్న మాట చాలా ఇళ్లలో మాటగానే మిగిలిపోతుంది. పైగా ఎదిగినదాన్ని పట్టి మార్చడం సులువు కాదు. మిగతా సర్జన్ చేపల్లో చాలావరకు తోక మొదట్లోని కత్తిని మడిచి దాచుకుంటాయి. నాసోకు రెండు పక్కలా రెండేసి, మడవడానికి వీల్లేకుండా బిగిసి ఉంటాయి. వల వేస్తే అందులో చిక్కుకుని చేప, పట్టబోతే తెగి చెయ్యి, రెండూ గాయపడతాయి. అందుకే నీళ్లతో సహా ప్లాస్టిక్ డబ్బాలోకి తోలుకోవాలి.

తిండి సర్గాసం లాంటి గోధుమరంగు నాచు, ఇళ్లలో రోజూ నోరి. తిన్నదానికి తగ్గట్టే నీళ్లు పాడవుతాయి కాబట్టి మురికిని తీసేసే గట్టి స్కిమ్మర్ కావాలి. హైదరాబాద్ ఎండల్లో చిల్లర్, కరెంటు పోతే గాలి ఆడించే ఏర్పాటు తప్పవు.

ఇంకో ప్రశ్న, చేప ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది. ఎల్లో టాంగ్‌ను 2015లో హవాయిలో ప్రయోగశాలలో పెంచగలిగారు గానీ, నాసో దాదాపుగా సముద్రంలో పట్టినదే. వలతో ఒక్కొక్కటిగా పట్టేవాళ్ల జీవనోపాధిని కాదనలేం. పగడాల దిబ్బ బతికుంటేనే వాళ్లకు బతుకుతెరువు. అయితే ఫిలిప్పీన్స్‌లో సైనైడ్ చల్లి పట్టిన చరిత్రా ఉంది. హవాయిలో 2017లో సుప్రీంకోర్టు, పర్యావరణ పరిశీలన లేకుండా అక్వేరియం చేపల వేటకు అనుమతులివ్వడం చెల్లదంది.

ఎనిమిదడుగుల తొట్టి ఇప్పటికే నడుస్తున్నవాళ్లను నేను వద్దనను. మూణ్ణాలుగడుగుల తొట్టి ఉన్నవాళ్లకు టొమినీ టాంగ్ మేలు, అది 15 సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఆగిపోతుంది. నాసోనే కావాలనుకుంటే మాత్రం, డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే నోరి వేసి తినిపించి చూపించమనాలి. పొట్ట లోపలికి పోయి, మేత ముట్టని చేపను సగం ధరకిస్తామన్నా తీసుకోకూడదు.