పండుగ ఆలస్యమైతే పుట్టిన తేదీ మారుతుందా?

ఈ వారం ఒక పండుగ సంగతి చెబుతాం. బతుకమ్మ కాదు, సంక్రాంతి కాదు, అకౌంటెంట్ల పండుగ. మనకేం పని అనుకోకండి. జరిగింది 2025 నవంబరులో. అందులో మన తమ్ముడొకడి హిసాబు చిక్కుకుని ఉంది. అది తేలేదాకా రాయొద్దని ఆగాం. ఇప్పుడు తేలింది.

మా ఊళ్లో మన దేశపు అకౌంటెంట్ల సంఘం ఒకటుంది. పేరెందుకు లెండి, చిన్నది. మన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ పార్లమెంటు చేసిన చట్టంతో 1949 జులై 1న మొదలైంది. దాని దుబాయి శాఖ 1982 నుంచి ఉంది. ఈ సంఘం అంత పెద్దది కాదు. సీఏ పాసైనవాళ్లతో పాటు, ఇంటర్‌తో చదువు ఆపేసి ఆఫీసుల్లో వోచర్లు రాసుకునే మాలాంటి గుమాస్తాలకూ ఇందులో కుర్చీ వేస్తారు.

సంఘం పుట్టింది 1999 ఏప్రిల్‌లో. అంటే పాతికేళ్ల పండుగ 2024 ఏప్రిల్‌లో జరగాలి. హాలు మాట్లాడారు, కార్డులు కొట్టించారు. ఇంతలో ఏప్రిల్ 16న ఆ వాన పడింది. మీరెవరూ మరిచిపోయి ఉండరు. 1949లో వాన లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఈ దేశంలో అంత వాన ఎప్పుడూ పడలేదు. అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. మా హాల్లో మోకాలి లోతు నీళ్లు. పండుగ వాయిదా పడింది.

తర్వాత ఎండాకాలం వచ్చింది, సగంమంది సెలవు మీద ఊళ్లకు వెళ్లారు. ఆ తర్వాత కంపెనీల లాభం మీద వేసిన కొత్త పన్ను మీద పడింది. 3 లక్షల 75 వేల దిర్హాములు దాటిన లాభం మీద 9 శాతం. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క చూసే కంపెనీలకు మొదటి రిటర్ను గడువు 2025 సెప్టెంబరు 30. అప్పటిదాకా అకౌంటెంట్లకు తల గోక్కునే తీరిక లేదు. చివరికి నవంబరులో ముహూర్తం కుదిరింది.

ఆ సాయంత్రం మేం గేటు దగ్గర పేర్లు రాసుకుంటున్నాం. కుర్చీల లారీ వచ్చింది. అందులో జగిత్యాల వైపు తమ్ముడొకడు, టెంట్లు, కుర్చీలు అద్దెకిచ్చే కంపెనీలో హెల్పరు. కుర్చీలు దించి, చెమట తుడుచుకుంటూ బ్యానరు వైపు చూశాడు.

"అన్నా, 1999ల వెట్టిన్రు అని రాసిన్రు. ఇప్పుడు 2025. ఇరవై ఆరు ఐతది గద, ఇరవై అయిదేంది? లెక్కలోళ్లే లెక్క తప్పితె ఎట్లనే?"

మాకు నవ్వొచ్చింది. తప్పేం కాదు తమ్మీ, పండుగ 2024ది, చేసుకునేది 2025లో అన్నాం. ఎక్స్‌పో 2020 గుర్తు చేశాం. కరోనా వల్ల అది 2021 అక్టోబరు 1న మొదలై 2022 మార్చి 31న ముగిసింది. అయినా పేరులో 2020 అలాగే ఉంచారు. మలేసియా అకౌంటెంట్ల సంస్థ సంగతీ చెప్పాం. దాన్ని 1967లో చట్టంతో పెట్టారు. ఇరవై ఏళ్లు పేరుకే ఉండి 1987లో గాని కదల్లేదు. అయినా యాభై ఏళ్ల పండుగ 2017లోనే చేసుకున్నారు. లెక్కల పుస్తకంలో పద్ధతి ఇదే. డబ్బు ఎప్పుడు చేతికొచ్చినా, అది ఏ నెలదో ఆ నెల ఖాతాలోనే రాయాలి. ఆలస్యం వల్ల తేదీ మారదు.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "గట్లైతె ఇది జర సూడున్రి అన్నా."

డిసెంబరుతో పని ముగించుకుని ఇంటికి వెళ్తున్నాడట. కంపెనీ ముందుగా ఇచ్చిన సెటిల్‌మెంటు కాగితం అది. గ్రాట్యుటీ 1,890 దిర్హాములు. బేసిక్ జీతం 900. వచ్చింది 2018 జనవరిలో. కాగితంలో మాత్రం చేరిన తేదీ 2023 జనవరి అని ఉంది. ఎందుకంటే, 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ చట్టం ప్రకారం గడువు రాయని ఒప్పందాలన్నీ గడువున్న ఒప్పందాలుగా మారాయి. అతని కొత్త కాగితం మీద 2023 జనవరి పడింది. కంపెనీ అక్కణ్నుంచి మూడేళ్లే లెక్కపెట్టింది. వెనకటి అయిదేళ్లు ఖల్లివెల్లి!

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఒప్పందం పొడిగించినా, తిరగరాసినా, కొత్త కాలం పాత కాలానికి కలుస్తుంది, సర్వీసు తెగదు. ఇక లెక్క చూడండి. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజుల బేసిక్. 900ని 30తో భాగిస్తే రోజుకు 30 దిర్హాములు. అయిదేళ్లకు 3,150. మిగతా మూడేళ్లకు 2,700. మొత్తం 5,850.

మేం అక్కడితో ఆపలేదు. మధ్యలో జీతం లేని సెలవు ఉందా అని అడిగాం. 2020లో నాలుగు నెలలు ఊళ్లో ఉన్నానన్నాడు. జీతం లేని రోజులు సర్వీసులో కలవవు. మనకు రావాల్సింది ఎంత గట్టిగా అడుగుతామో, రానిదాన్ని అంత నిజాయితీగా తీసెయ్యాలి. నాలుగు నెలలకు 300 పోగా 5,550. కంపెనీ లెక్కకూ దీనికీ తేడా 3,660. అంటే అతని నాలుగు నెలల బేసిక్ కన్నా కాస్త ఎక్కువే.

కంపెనీ ఆఫీసులో మొదట "ఒప్పందం మారింది కదా" అన్నారు. తమ్ముడు ట్రంకుపెట్టె అడుగు నుంచి 2018 నాటి ఒప్పందం తీసి చూపించాడు. లేబర్ మినిస్ట్రీలో అడుగుతానన్నాడు. గొడవేమీ కాలేదు. మర్నాటికి కాగితం మారింది, చివరికి 5,550 చేతికొచ్చింది. ఆ పాత కాగితం పారేసి ఉంటే ఇంత తేలిగ్గా అయ్యేది కాదు.

అందుకని నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

మొదటి ఒప్పందం, మొదటి వీసా పేజీ ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచండి. బేసిక్ ఎంతో విడిగా తెలుసుకోండి. గ్రాట్యుటీకి లెక్క అదే, తిండి, గది అలవెన్సులు కలవవు. ఉద్యోగం ముగిశాక 14 రోజుల్లో హిసాబు మొత్తం ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగడానికి ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. 2024లో చట్టం సవరించకముందు ఏడాదే ఉండేది. అడగాల్సిన నంబరు మినిస్ట్రీది: 600590000.

మధ్యలో హిసాబు తీసుకుని, వీసా క్యాన్సిల్ చేయించుకుని మళ్లీ వచ్చినవాళ్ల లెక్క వేరు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు చట్టమే వేరు. వాళ్ల గురించి మరో వారం రాస్తాం.

ఆ రాత్రి సంఘం పెద్దలు కేకు కోశారు, బిర్యానీ పెట్టారు. ఏడాదిన్నర ఆలస్యమైనా పాతికేళ్ల పండుగను పాతికేళ్ల పండుగగానే చేసుకున్నారు. ఎవరూ వాళ్ల వయసు తగ్గించలేదు. మన సర్వీసునూ ఎవరూ తగ్గించకుండా చూసుకుందాం.

మీ సెటిల్‌మెంటు కాగితంలో చేరిన తేదీ ఏముందో ఈ సెలవు రోజున ఒకసారి తీసి చూడండి.

ఉంటాం,
మీ గుమాస్తాలు